నాలుగడుగులు దిగిన రాయి

ఖాదర్ బాషాను పై అధికారులు ముప్పై ఎనిమిదేళ్ల పాటు తలకిందులుగానే చూశారు. ఇందులో అతిశయోక్తి లేదు. పాతకాలపు లెవెల్ యంత్రంలో కన్ను పెడితే, ఎదురుగా కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి కాళ్లు పైకి, తల కిందికి కనబడతాడు. ఆ కర్ర పట్టుకునే మనిషి ఖాదర్ బాషా. నంద్యాలలో ఊరి భూములు కొలిచే చోట చైన్‌మన్. కొలత గొలుసు లాగడం, అడుగులూ అంగుళాలూ గీసిన కర్రను నిటారుగా పట్టుకోవడం, ఎండలో కదలకుండా నిలబడడం ఆయన ఉద్యోగం. యంత్రంలో చూసేది ఇంజనీరు, అంకె చెప్పేది ఇంజనీరు, పుస్తకంలో రాసుకునేది ఇంజనీరు. చైన్‌మన్ తెలుగూ ఉర్దూ రెండూ చక్కగా రాయగలడన్న సంగతితో ఆ ఆఫీసులో ఎవరికీ అవసరం పడలేదు.

"కర్ర నిలువుగా ఉండాదా లేదా, అదే లెక్కప్పా. మనిషి ఎట్ల కనపడితే ఏంది?" అనేవాడు నాతో.

మేమిద్దరం ఒకే ఏడాది రిటైరయ్యాం. నేను గ్రంథాలయం నుంచి, ఆయన ఎండ నుంచి. ఆ తర్వాత రోజూ పొద్దున అదే గ్రంథాలయంలో ఒకే బల్ల దగ్గర పేపరు చదువుకునేవాళ్లం. ఆయనకు గర్వపడే విషయం ఒక్కటే ఉండేది. దాన్ని పొదుపుగా వాడే అలవాటు లేదు. టీ అంగట్లో చెప్పేవాడు, సెలూన్లో చెప్పేవాడు, నిఖా విందులో పక్కన కూర్చున్న ముక్కూమొగం తెలియనివాడికి కూడా చెప్పేవాడు. "ముప్పై ఎనిమిదేండ్లు. కర్ర వంగలేదు, గొలుసులో ఒక్క లింకు తప్పలేదు." ఆ మాట వినీ వినీ విసిగిన ఆయన భార్య ఫాతిమా మాత్రం, "వంగలేదులే. నడుము ఒకటే వంగింది" అనేది.

నేను చెప్పబోయేది ఆ గర్వానికి పట్టిన గతి. దాంతోపాటు ముప్పై రెండు ఇళ్ల సంగతి.

కుందూ వంతెన దిగి ఎడమకు తిరిగితే పద్నాలుగు ఎకరాల ఊరి భూమి ఉంది. కాగితం మీద అది ఒకే ముక్క. నడిచేవాడి కాళ్లకు మూడు ముక్కలు. ముందు గరుసు నేల దిబ్బ. దాని మీద ముప్పై రెండు ఇళ్లు, బట్టలుతికి ఇస్త్రీ చేసి బతికే కుటుంబాలవి. దిబ్బ దిగితే నల్లరేగడి పల్లం. నాలుగు చినుకులు పడితే చెప్పు ఊడి బురదలో ఉండిపోతుంది, తుంగ తప్ప ఏదీ ఇష్టపడి మొలవదు. పల్లం దాటితే ఏటిగట్టు, గట్టు దిగితే రేవు, ఆపైన కుందూ. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ ఏరు ఊరి మురుగు మోసుకుంటూ తల వంచుకుని పోతుంది. కోపమొచ్చిన ఏడాది మాత్రం గట్టు దాటి పల్లంలోకి వచ్చి, దిబ్బ అంచున ఆగి, పైనున్న ఇళ్ల వైపు ఒకసారి చూసి వెళ్లిపోతుంది.

ఈ భూమి మీద కుందూ తీర వికాస విభాగం అనే ఆఫీసు కన్ను పడింది. ఏటి ఒడ్డున నడక దారి, పూలతోట, హోటలు, పెళ్లిళ్ల హాలు, పేదలకు ఇళ్లు, అన్నీ ఒకచోటే కట్టాలని సంకల్పం. ఎక్కడ ఏది కట్టాలో తేల్చి పటం గీసే పని హైదరాబాదు కంపెనీ ఒకదానికి అప్పగించారు. ఆ కంపెనీ తరఫున యదునందన్ అనే కుర్ర ఇంజనీరు వచ్చి నాలుగు రోజులు డ్రోను ఎగరేశాడు. దిబ్బ మీద ఆరేసిన ఆసుపత్రి పచ్చ దుప్పట్లను ఆ డ్రోను పచ్చికబయలుగా గుర్తించిందని తర్వాత తెలిసింది. మొదటి పటంలో ఆ దుప్పట్ల చుట్టూ బెంచీలు కూడా వేశారు.

ఒక ఆదివారం పొద్దున దిబ్బ మీదే షామియానా వేసి, నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి, పటాన్ని జనానికి వివరించారు. పెద్దమనిషి లెక్కన ఖాదర్ బాషాను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన వెంట నేనూ వెళ్లాను.

"ఎరుపు రంగు వ్యాపారానికి. పసుపు ఇళ్లకు. ఆకుపచ్చ తోటలకు. నీలం వేసిన చోటు ఏరు పొంగితే మునుగుతుంది, అక్కడ పక్కా కట్టడాలు ఉండకూడదు" అన్నాడు యదునందన్. మర్యాదైన పిల్లవాడు. మైకు లేకుండానే అందరికీ వినబడేలా చెప్పాడు.

పటంలో దిబ్బ ఎర్రగా ఉంది. పల్లం పసుపుపచ్చగా ఉంది. నీలం ఏట్లో తప్ప ఎక్కడా లేదు. అంటే, గాలీ వెలుతురూ ఉన్న దిబ్బ మీదికి హోటలు ఎక్కుతుంది, దిబ్బ మీది ముప్పై రెండు కుటుంబాలు పల్లంలోకి దిగుతాయి. పల్లంలో కట్టే ఇళ్లకు 'నదీ దర్శనం' అని పేరు కూడా పెట్టేశారు. నది తానే గడప దాటి లోపలికి వచ్చి దర్శనమిస్తుందన్న ఆలోచన పేరు పెట్టినవాళ్లకు వచ్చినట్టు లేదు.

ఉమామహేశ్వరమ్మ లేచి నిలబడింది. అరవై దాటిన మనిషి, రేవులో అందరికంటే పెద్దది.

"సారూ, ఆ పసుపు పూసినారే, ఆడ పెద్ద వరదప్పుడు నడుములోతు నీళ్లు నిలిచినాయి. నా పాడి ఎనుము ఈదుకుంటా వచ్చింది."

"మీరు చెప్పేదాన్ని నేను గౌరవిస్తానమ్మా. కానీ డేటా ప్రకారం ఆ చోటు వరద మట్టానికి ఒక అడుగు పైన ఉంది."

"ఆ సంగతి మా ఎనుముకు తెలీదు సామీ."

జనం నవ్వారు. యదునందన్ కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. పల్లం మధ్యలో ఉన్న తుమ్మచెట్టు వైపు చెయ్యి చూపించింది.

"ఆ కొమ్మకు యూరియా సంచి పీలిక యేలాడతాండాదే, సూడు నాయనా. అది నేను కట్టింది కాదు. ఏరు కట్టిపోయింది."

"చెట్లు పెరుగుతాయి కదమ్మా. అప్పుడు కింద ఉన్న కొమ్మ ఇప్పుడు పైకి వెళ్లి ఉంటుంది."

చెట్టు కొసన పెరుగుతుందే గాని, పాత కొమ్మను చంకనెత్తుకుని పైకి పోదు. రేవులో ఐదేళ్ల పిల్లకు కూడా ఇది తెలుసు. కానీ ఇంజనీరు చెప్పాక చెట్టు కూడా ఏమీ అనలేక ఊరుకుంది.

అప్పుడు ఖాదర్ బాషా లేచాడు. ఆయన తమ వైపు మాట్లాడతాడని దిబ్బవాళ్లు అనుకున్నారు. ఆయన యంత్రం వైపు మాట్లాడాడు.

"అట్ల కాదులేమ్మా. కంటికి కనపడింది తప్పయితాది, మట్టం తప్పు కాదు. నీళ్లు చూసిన దినం మనకు భయం ఉంటాది. భయంలో మోకాలు నడుమైతాది. యంత్రానికి భయం లేదు. నా ముప్పై ఎనిమిదేండ్ల సర్వీసులో..."

"కర్ర వంగలేదు, తెలుసులే" అని వెనక నుంచి ఎవరో పూర్తిచేశారు.

"నీ మాటే నిజం కానీలే ఖాదరన్నా" అంది ఉమామహేశ్వరమ్మ. "నువ్వు పెట్టిన రాయి మీదనే కదా వాళ్లు కొలిచినారు. నువ్వు కాదంటావా?"

"ఏ రాయి?"

"నా బండ. బాణం గుర్తు ఉండే బండ. యాడుందో అని రెండు దినాలు గట్టంతా దేవులాడినారు పాపం. నేనే పిలిచి చూపించినా. సర్కారు రాయి ఇదేనామ్మా అన్నారు. ఇదే సామీ అన్నా."

ఖాదర్ బాషా కూర్చున్నాడు. కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చున్నాడు. అదృష్టం కొద్దీ ఉంది.

ఇంటిదారిలో వంతెన మీద ఆగి నాకు అసలు సంగతి చెప్పాడు.

ఎత్తులు కొలవాలంటే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి. అందుకు ఊళ్లో అక్కడక్కడ గుర్తురాళ్లు ఉంటాయి. రాయి మీద బాణం గుర్తు, కింద ఒక అంకె. ఆ చోటు సముద్రం కంటే ఎంత ఎత్తులో ఉందో ఆ అంకె చెబుతుంది. మిగతా ఊరంతా దాన్ని చూసుకుని తన ఎత్తు తెలుసుకుంటుంది. కుందూ ఒడ్డున గుర్తురాయి అంటే, గట్టు మీద ఉన్న పాత నీళ్లపంపుల గదికి గడపరాయి. పెద్ద వరదలో ఆ గది గోడలు కూలిపోయాయి. నీళ్లు తీశాక అప్పటి ఇంజనీరు జీపులోంచి దిగకుండానే, "ఖాదర్, ఆ గుర్తురాయి జాగ్రత్త" అని చెప్పి, వారం తిరక్కుండా బదిలీ మీద వెళ్లిపోయాడు.

జాగ్రత్త ఎలా? నంద్యాలలో దిక్కులేని రాయికి కాళ్లు త్వరగా వస్తాయి. పక్కనే బేతంచెర్ల నుంచి లారీల కొద్దీ నున్నటి బండలు దిగుతున్నా, ఊరికే దొరికే రాయిని వదిలిపెట్టే ఇల్లు ఈ ఊళ్లో లేదు. పది రోజుల్లో పంపుల గది ఇటుకలు పోయాయి, తలుపు పోయింది, తలుపు చట్రం పోయింది. ఖాదర్ బాషా రెండు రోజులు ఆలోచించాడు. ఈ ఊళ్లో ఎవడూ ఎత్తుకుపోలేని రాయి ఏది? ఒక ఆడమనిషి రోజూ ముందు నిలబడి బట్టలు బాదే రాయి. ఉమామహేశ్వరమ్మ భర్త సుబ్బయ్యను తోడు పిలుచుకుని, గునపాలతో దొర్లించి, గట్టు కిందికి దించి, రేవులో సిమెంటు వేసి నిలబెట్టాడు. బాణం గుర్తు అరిగిపోకుండా దాన్ని పక్కకు తిప్పి మరీ పెట్టాడు. సర్కారు సొత్తును ఇంత భద్రంగా చూసుకున్నవాడు జిల్లాలో లేడని ఆ రోజు ఇంటికి పోయి ఫాతిమాతో చెప్పుకున్నాడట.

"తర్వాత వచ్చిన ఇంజనీరుకు చెప్పినావా?" అని అడిగాను.

"అడగలేదు."

"పుస్తకంలో?"

"రాసే పని మాది కాదు కదప్పా."

ఆయన రాయిని భద్రం చేశాడు, ఎత్తును కాదు. గుర్తురాయి విలువ రాయిలో ఉండదు, అది ఉన్న చోటులో ఉంటుంది. అన్నేళ్లు కర్ర పట్టినవాడికి ఇది తెలియదా అంటే, తెలుసు. కానీ చేతిలో బరువైన రాయి ఉన్నప్పుడు మనిషికి రాయే కనబడుతుంది. సుబ్బయ్య కాలం చేశాడు. ఇంజనీరు కాలం చేశాడు. రాయి నాలుగడుగులు కిందికి దిగింది, దాని మీది అంకె మాత్రం పైనే ఉండిపోయింది. ఆ అంకెను నమ్మి కొలిచేసరికి పద్నాలుగు ఎకరాలూ నాలుగడుగులు పైకి లేచాయి. వరద ఎంత ఎత్తు వచ్చిందో పాత పుస్తకంలో సరిగ్గానే రాసి ఉంది కాబట్టి, వరదకు మూడడుగులు కింద ఉన్న పల్లం కాస్తా వరద కంటే ఒక అడుగు పైన తేలింది. ఆకాశంలోని ఉపగ్రహాలు, డ్రోను, హైదరాబాదు కంప్యూటర్లు, ఆ రంగురంగుల ఫ్లెక్సీ, అన్నీ కలిసి ఉమామహేశ్వరమ్మ బట్టలుతికే బండ మీద నిలబడి ఉన్నాయి.

"ఇంకేం, పోయి చెప్పు" అన్నాను. "పదో తేదీన అభ్యంతరాలు వినే సభ ఉంది కదా. చెప్పకపోతే అంతమందినీ తీసుకుపోయి నీళ్లలో కూర్చోబెడతారు."

"చెప్తే నన్నేమంటారు? ఇన్నేండ్లు ఒక్క లింకు తప్పలేదని ఊరంతా చెప్పుకుంటి. నాలుగడుగులంటే ఎన్ని లింకులో తెలుసునా నీకు?"

"ఎన్ని?"

"ఆరు, పైన కొంచెం" అన్నాడు, దిగులుగా, కానీ సరిగ్గా.

మర్నాడు ఆళ్లగడ్డ బస్సెక్కాడు. కూతురు నజ్మాను అక్కడే ఇచ్చారు. "మొన్ననే వచ్చిపోయింది అది" అంది ఫాతిమా నాతో, నేను పేపరు చదవడానికి ఆయన్ను పిలుచుకుపోదామని వెళ్తే. "ఈ మనిషికి ఉన్నట్టుండి కూతురి మీద గాలి మళ్లిందంటే, ఈడ ఏదో పాడుచేసి పోయినట్టే."

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పాలు చెక్కే షెడ్లు చాలా ఉన్నాయి. సగం తేలిన దేవుళ్లు, కళ్లు తెరవాల్సిన అమ్మవార్లు, ఇంకా తల పెట్టని నాయకులు వరసగా నిలబడి ఉంటారు. దేవుళ్లకు తొందర ఉండదు. నాయకులు మాత్రం ఎవరి తల వస్తుందో అని ఎదురుచూస్తున్నట్టు ఉంటారు. ఖాదర్ బాషా అల్లుడు అబ్దుల్లా ఈ షెడ్లకు ట్రాక్టరు మీద రాళ్లు తోలుతాడు. ఇంట్లో ఊరికే కూర్చుని కూతురు అడిగే ప్రశ్నలు తప్పించుకోలేక, ఖాదర్ బాషా అల్లుడి వెంట ట్రాక్టరెక్కి ఒక షెడ్డుకు వెళ్లాడు. అక్కడ యేసురత్నం అనే పనివాడు నల్లరాతి పలక మీద అక్షరాలు చెక్కుతున్నాడు.

పలక మీద పేరు చూశాడు ఖాదర్ బాషా. కుందూ తీర వికాస పథకం, శంకుస్థాపన. కింద 'నదీ దర్శనం గృహ సముదాయం'. ఆ కింద నెల, పన్నెండో తేదీ.

"అభ్యంతరాలు వినేది పదో తేదీ కదప్పా?" అన్నాడు.

"నాకేం ఎరుక పెద్దాయనా. పన్నెండని రాసిచ్చినారు, చెక్కినా."

"పదిన ఇని, మారిస్తేనో?"

"ఎవురు?" అని అడిగాడు యేసురత్నం. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

ఖాదర్ బాషా పలక పక్కన గొంతుక్కూర్చున్నాడు. తర్వాత, తనకు సంబంధం లేనట్టు మొగం పెట్టి, "రాతి మీద తప్పు అక్షరం పడితే ఏం చేస్తావు నువ్వు?" అన్నాడు.

"అదొకటే గీకేస్తే గుంత పడతాది. ఎండ ఏటవాలుగా పడినప్పుడల్లా కనపడతాది. తప్పు ఎంత లోతు పోయిందో, పలకంతా అంత లోతుకు దించాల. చేతులు పోతాయి." యేసురత్నం రాతిపొడి ఊదాడు. "ఎవురు సూస్తార్లే అని పాలిష్ పట్టి పంపేసేటోళ్లు ఉండారు. ఆ తప్పు చెక్కినోని కంటే ఎక్కువ కాలం బతుకుతాది. నేనైతే ఆ పని చేయను."

ఖాదర్ బాషా నాలుగు రోజులుంటానని వెళ్లి, ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చేశాడు. అబ్దుల్లా ఇచ్చిన జామకాయల సంచి బస్సులోనే మరిచిపోయాడని ఫాతిమా చాలా రోజులు సాధించింది.

పదో తేదీ సభ కూడా దిబ్బ మీదే జరిగింది. ఈసారి విభాగం ప్రత్యేకాధికారి శ్రీరంగనాథ్ స్వయంగా వచ్చాడు. నెమ్మదైన మనిషి. ఎవరేమన్నా తల ఊపుతాడు. ఆ తల ఊపడం సభ మొదలుకాక ముందే మొదలైంది. అభ్యంతరం ఉన్నవాళ్లు రాతపూర్వకంగా ఇవ్వాలని, నోటితో చెప్పేవాళ్లకు రెండు నిమిషాలని ప్రకటించారు. ఉమామహేశ్వరమ్మ తన రెండు నిమిషాల్లో ఎనుమును మళ్లీ ఈదించింది. శ్రీరంగనాథ్ తల ఊపాడు. పక్కనున్న గుమాస్తా "పశువు గురించి ప్రస్తావన" అని రాసుకున్నాడు.

ఖాదర్ బాషా లేచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, దిబ్బ మీదే ఇస్త్రీ చేయించింది.

"పేరు? ఎవరి మీద అభ్యంతరం?" అన్నాడు గుమాస్తా.

"ఖాదర్ బాషా. నా మీదనే సార్."

ఉన్నదున్నట్టు చెప్పాడు. గడపరాయి, జీపులోని ఇంజనీరు, సుబ్బయ్య, గునపాలు, సిమెంటు. రెండు నిమిషాల్లో సగం మిగిలింది. దిబ్బవాళ్లు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఉమామహేశ్వరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మొదటిసారి శ్రీరంగనాథ్ తల ఊపడం ఆపాడు. "రాయిని జరిపినట్టు రికార్డులో ఉందా?"

"లేదు సార్."

"రికార్డులో లేనిదాన్ని మేం జరిగినట్టు ఎలా అనుకోవాలి?"

"అట్లయితే సార్," అన్నాడు ఖాదర్ బాషా, "వచ్చే వరదకు ఒక నోటీసు ఇయ్యండి. రికార్డు ప్రకారం యాడుండాల్నో ఆడనే నిలబడమని."

నవ్వుల మధ్య యదునందన్ ఒక్కడే నవ్వలేదు. అతను ఫ్లెక్సీ వైపు తిరిగి పల్లాన్ని చూస్తున్నాడు. కాసేపటికి, "సరిచూద్దాం సార్. రాయి ఊడిన చోటు ఇంకా ఉందా?" అన్నాడు.

పంపుల గది పునాది గట్టు మీద ఇంకా ఉంది. గడప ఊడిన గుంత కూడా, పన్ను పీకిన చిగురులా, అలాగే ఉంది. కొలిచే యంత్రాలు మాత్రం లేవు, వాటిని అంతకుముందే హైదరాబాదు పంపేశారు. డ్రోను ఉంది గాని దానితో ఈ పని కాదు. దిబ్బ మీద ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన దగ్గర మేస్త్రీలు వాడే నీళ్ల పైపు దొరికింది. పొడవాటి సన్నటి పైపు నిండా నీళ్లు. రెండు కొసలు ఎంత దూరాన పట్టుకున్నా లోపలి నీళ్లు ఒకే మట్టంలో నిలబడతాయి. కంపెనీ లేని నాటి నుంచి ఉన్న యంత్రం అది.

ఖాదర్ బాషా ఒక కొస పట్టుకుని గట్టు మీద గడప గుంత దగ్గర కూర్చున్నాడు. నీళ్లు పాత గడప మట్టానికి వచ్చేలా కొసను సర్దుకున్నాడు. రెండో కొస, ఒక కొలతకర్ర యదునందన్‌కు ఇచ్చి రేవులోకి దింపాడు. యదునందన్ ప్యాంటు మడిచి, బండ మీద కర్ర నిలబెట్టి, పైపు దాని పక్కన ఆనించాడు. ప్రత్యేకాధికారి, గుమాస్తా, దిబ్బ మొత్తం గట్టు మీద వరసగా నిలబడి చూశారు.

"కర్ర వంగుతాంది నాయనా" అన్నాడు పైనుంచి ఖాదర్ బాషా. "నిలువుగా పట్టుకో. మోచేయి కడుపుకు ఆనించు. ఆ... కదలద్దు. ఊపిరి బిగబట్టు."

యదునందన్ ఊపిరి బిగబట్టాడు.

"ఇప్పుడు చదువు."

"నాలుగు అడుగుల రెండంగుళాలు."

"రాసుకో" అన్నాడు ఖాదర్ బాషా.

ఆ తర్వాత జరిగినవన్నీ కాగితాల మీద జరిగాయి కాబట్టి ఆలస్యంగా జరిగాయి. పన్నెండో తేదీన శంకుస్థాపన కాలేదు. నెలన్నరకు కొత్త పటం వచ్చింది. పద్నాలుగు ఎకరాలూ నాలుగడుగులు దిగి తమ చోటికి తాము వచ్చాయి. పల్లం నీలమైంది. ఖాళీ చేయించే కుటుంబాలకు ఇదే స్థలంలో, వరద మట్టానికి పైన ఇళ్లు ఇవ్వాలని విభాగం తన పుస్తకంలో తానే రాసుకుని ఉంది. వరద మట్టానికి పైన ఉన్నది దిబ్బ ఒక్కటే. దిబ్బవాళ్లను దిబ్బ నుంచి లేపి మళ్లీ దిబ్బ మీదే కూర్చోబెట్టడానికి మూడు సమావేశాలు పట్టాయి. చివరికి లేపకుండానే కూర్చోబెట్టవచ్చని ఎవరికో తోచింది. దిబ్బ పసుపు రంగుకు మారింది. హోటలును వదులుకోలేక, నీలంలో చక్రాల బండ్ల మీద తినుబండారాల బజారు పెట్టవచ్చని తీర్మానించారు. ఏరు వస్తే బండ్లు తోసుకుని పోతారట. ఎటు తోసుకుపోతారంటే, పటంలో చూస్తే దిబ్బ వైపే.

ఆళ్లగడ్డలో శంకుస్థాపన పలక బోర్లా పడుకుని ఉంది. నెల పేరు ఒక్కటి గీకి కొత్తది వేస్తే చాలదా అని ఆఫీసువాళ్లు అడిగారట. గుంత పడుతుందని యేసురత్నం ఒప్పుకోలేదు.

గుర్తురాయిని తవ్వి గట్టు మీదికి తీసుకుపోవడానికి నలుగురు కూలీలతో ఒక మేస్త్రీ వచ్చాడు. ఉమామహేశ్వరమ్మ బండ మీద తడిబట్టల గుట్ట వేసి కూర్చుంది. "బండ ఇయ్యను. ఇన్నేండ్లు కాపలా కాసింది నేను. మీకు అంకె కావాల్నంటే రాసుకొని పోండి, ఇంగో రాయి మీద చెక్కుకోండి" అంది. ఇంకో రాయి మీదే చెక్కించారు. రేవు బండ మీది బాణం గుర్తును ఒక అడ్డగీత గీసి రద్దు చేశారు. బట్టలకు ఆ తేడా తెలియలేదు.

ఇక తప్పు ఎవరిది అనేది తేల్చాలి. కంపెనీ తన నివేదికలో తప్పు రాయిదని రాసింది. రాయికి నోటీసు ఇచ్చే వీలు లేదు. అందువల్ల ఒక పొద్దున ఖాదర్ బాషా గ్రంథాలయానికి కవరు పట్టుకుని వచ్చాడు. ప్రభుత్వ సొత్తును అనుమతి లేకుండా స్థానం మార్చినందుకు పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని విభాగం రాసింది. దానికి కొత్త పటం నకలు కూడా జతచేశారు. పటం కింది అంచున, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: 'ఇక్కడి పాత గుర్తురాయి చైన్‌మన్ ఎస్. ఖాదర్ బాషా చేత జరపబడినది.'

ముప్పై ఎనిమిదేళ్లలో ఆయన కర్ర పట్టని వీధి ఈ ఊళ్లో లేదు. ఆ వీధుల పటాల్లో దేని మీదా ఆయన పేరు లేదు. ఇంజనీర్ల పేర్లున్నాయి, వాళ్ల పై ఇంజనీర్ల పేర్లున్నాయి, ప్రారంభించిన పెద్దల పేర్లున్నాయి. అద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి, ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

"పేరు సరిగ్గానే రాసినారు" అన్నాడు. "ఇంటిపేరు అక్షరం గూడ ఉండాది."

"సంజాయిషీ నేను రాసిపెడతాలే" అన్నాను. అప్పటికే నా తలలో ఒక పెద్ద జవాబు తయారవుతోంది. జీపులోంచి దిగని ఇంజనీరును, చెట్టుకొమ్మను పైకి పంపిన డేటాను, వినకముందే చెక్కిన తేదీని, అన్నిటినీ అందులో పెడదామని.

"వద్దప్పా. కాగితం ఇట్లియ్యి. నేనే రాస్తా."

గీతల కాగితం ఇచ్చాను. పెన్ను ఇచ్చాను. మోచేయి కడుపుకు ఆనించుకుని, ఒక్కో అక్షరాన్నీ నిలబెట్టి, కదలకుండా ఉందో లేదో చూసి, తర్వాతి అక్షరానికి పోయాడు. మూడు వాక్యాలకు అరగంట పట్టింది.

'రాయిని జరిపింది నేనే. నాలుగు అడుగుల రెండు అంగుళాలు కిందికి జరిపాను. అప్పుడు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.'

కింద సంతకం పెట్టి, తేదీ ఎంతని నన్ను అడిగాడు. చెప్పాను. అది కూడా రాశాడు.